బ్యారక్ తాళం పడ్డాక: జైలులో ప్రాణరక్షణపై పాఠకుల ప్రశ్నలు, న్యాయవాది సమాధానాలు

గత సంచికలో బెయిలు వచ్చినా విడుదల కాని ఖైదీల గురించి ఒక పాఠకుడు అడిగిన ప్రశ్నకు సమాధానం రాశాను. దానికి స్పందనగా వచ్చిన ఉత్తరాలలో చాలా భాగం అంతకంటే బరువైన విషయాన్ని అడిగాయి. జైలులో ఉన్న మనిషి తన ప్రాణం తానే తీసుకునే ప్రమాదంలో ఉన్నప్పుడు ఆ ప్రాణాన్ని కాపాడవలసిన బాధ్యత ఎవరిది, ఆ బాధ్యత ఎక్కడ తప్పుతోంది అని. ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: ఇరవై మూడేళ్ల నా తమ్ముడు ఒక కొట్లాట కేసులో నలభై రోజులుగా సబ్ జైలులో రిమాండ్‌లో ఉన్నాడు. పోయిన రెండు ములాఖత్‌లలోనూ "అక్కా, ఇంక నా కోసం తిరగవద్దు, అమ్మను చూసుకో" అన్న మాట తప్ప మరేమీ మాట్లాడలేదు. రెండేళ్ల కిందట కూడా ఒకసారి ప్రాణం తీసుకోబోతే ఆస్పత్రిలో బతికించుకున్నాము. గేటు దగ్గర ఈ సంగతి చెబితే "మొదట్లో అందరూ అలాగే ఉంటారమ్మా" అని పంపేశారు. నేను ఎవరికి చెప్పుకోవాలి?
— పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు, అనంతపురం జిల్లా

సమాధానం: ఇటువంటి ఉత్తరం సంచిక వెలువడే దాకా ఆగగలిగినది కాదు కనుక, అది అందిన రోజే మీకు ఫోనులో చెప్పవలసినది చెప్పాము. ఇదే స్థితిలో ఉన్న మరికొన్ని కుటుంబాల కోసం ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మీరు చెప్పినదానిలో రెండు విషయాలు చాలా ముఖ్యమైనవి. ఒకటి, ఇంతకుముందు ఒకసారి ప్రయత్నం జరగడం. రెండు, ఇప్పుడు అప్పగింతల వంటి మాటలు రావడం. ఈ రెండూ కలిసినచోట "అందరూ అలాగే ఉంటారు" అన్న మాటకు తావు లేదు. అయితే గేటు దగ్గర నోటితో చెప్పిన మాట ఆ డ్యూటీ మారగానే గాలిలో కలిసిపోతుంది. కాబట్టి తెల్ల కాగితం మీద, సొంత మాటల్లోనే, జైలు సూపరింటెండెంటుకు ఒక అర్జీ రాయండి. తమ్ముడి పేరు, కేసు నంబరు, పాత ఆస్పత్రి చీటీల నకళ్లు, ములాఖత్‌లో అతడు అన్న మాటలు అన్నట్లుగానే అందులో పెట్టండి. వైద్యుడు అతణ్ని మానసిక ఆరోగ్యం దృష్ట్యా పరీక్షించాలని, అతణ్ని ఒంటరిగా ఉంచవద్దని కోరండి. రెండో ప్రతి మీద తేదీతో అందినట్లు సంతకం తీసుకోండి. సంతకం పెట్టడానికి వెనకాడితే అదే అర్జీని రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.

అదే రోజు మీ వకీలు ద్వారా రిమాండ్ విధించిన మేజిస్ట్రేటు ముందు ఒక మెమో వేయించండి. రిమాండ్ పొడిగింపు కోసం ఖైదీని పదిహేను రోజులకు మించకుండా కోర్టు ముందుకు తేవాలి. ఇప్పుడది ఎక్కువగా వీడియో ద్వారానే, ఒకటి రెండు నిమిషాలలో ముగుస్తోంది. తెర మీద కనిపించే ముఖాన్ని చూసి మేజిస్ట్రేటు ఏమీ పోల్చుకోలేరు. మెమో ఉంటే మాత్రం వైద్య పరీక్ష చేయించి నివేదిక పంపమని జైలును ఆదేశించగలరు. మానసిక వ్యాధి ఉన్న ఖైదీకి చికిత్స అందించే ఏర్పాటు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 103వ సెక్షన్‌లో ఉంది. వకీలు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100 నంబరుకు ఫోను చేయండి. ఈ సేవకు రుసుము లేదు. అదుపులో ఉన్న వ్యక్తికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది.

ఇక ములాఖత్ సంగతి. నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందేమోనని చాలామంది భయపడతారు. అలా జరగదు. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని మీరు మెల్లగా, సూటిగా అడగవచ్చు. అడిగిన తరువాత తిట్టకుండా, ఒట్లు వేయించుకోకుండా వినడమే మీరు చేయగల సాయం. తన కేసు ఏ దశలో ఉందో తెలియకపోవడం జైలులో మనిషిని లోపలి నుంచి తినేస్తుంది. తరువాతి వాయిదా ఎప్పుడు, బెయిలు దరఖాస్తు ఎప్పుడు వేశారు, అమ్మ ఎలా ఉంది అన్నవి తేదీలతో సహా చెప్పండి. మళ్లీ ఏ రోజు వస్తారో చెప్పి ఆ రోజే వెళ్లండి.

మీకూ ఒక తోడు కావాలి. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ 14416 నంబరులో రాత్రింబవళ్లు, ఉచితంగా, తెలుగులో అందుబాటులో ఉంది. అక్కడ మీ భయాన్ని మీరు చెప్పుకోవచ్చు.

ప్రశ్న: నేను ముప్పై ఒక్క సంవత్సరాలు జైళ్ల శాఖలో పనిచేసి హెడ్ వార్డరుగా రిటైరయ్యాను. చావాలని గట్టిగా అనుకున్నవాణ్ని ఎవరు ఆపగలరు? ఏదైనా జరిగితే ఆ రాత్రి డ్యూటీలో ఉన్న వార్డరు సస్పెండ్ అవుతాడు, ఫైలు మూతపడుతుంది. మా బాధ మీ వంటివారు ఎన్నడూ రాయరు.
— ఒక విశ్రాంత ఉద్యోగి, తూర్పు గోదావరి జిల్లా

సమాధానం: మీ ఉత్తరంలోని రెండో భాగంతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మొదటి భాగంతో ఏకీభవించలేను, ఎందుకంటే ఆ భావనే రెండో భాగంలోని అన్యాయానికి దారి తీస్తోంది.

చావాలనే కోరిక ఒక మనిషిలో ఎల్లవేళలా ఒకే తీవ్రతతో ఉండదు. అది కొన్ని గంటలు, కొన్ని రోజులు విజృంభించి తగ్గుతుంది. ఆ గంటలు దాటించగలిగితే చాలామంది బతుకుతారు. ఆ గంటలు ఎప్పుడు వస్తాయో మీ వంటి అనుభవజ్ఞులకు నాకంటే బాగా తెలుసు. జైలులో అడుగుపెట్టిన తొలి రోజులు, బెయిలు కొట్టివేసిన సాయంత్రం, శిక్ష ఖరారైన రోజు, ఇంటి నుంచి చావు కబురో విడాకుల నోటీసో వచ్చిన రోజు, నెలల తరబడి ములాఖత్‌కు ఎవరూ రాని స్థితి, మత్తుకు అలవాటుపడినవాడికి అది ఒక్కసారిగా ఆగిపోయిన మొదటి వారం. ఇవేవీ రహస్యాలు కావు. ప్రతి సందర్భంలోనూ ఎవరో ఒకరికి ఆ సంగతి తెలిసే ఉంటుంది. తెలిసినవాడి దగ్గర నుంచి అది రాత్రి రెండు గంటలకు బ్యారక్ ముందు తిరిగే వార్డరు దాకా చేరకపోవడమే అసలు వైఫల్యమని నా నమ్మకం.

న్యాయ సహాయం తరఫున చాలా ఏళ్లుగా జైళ్లకు వెళుతున్నాను. ఒకచోట ఒక కుర్రవాడి రిమాండ్ కాగితాలలో, పోలీసులు చేయించిన వైద్య పరీక్ష చీటీ మీదే, అతడు అంతకుముందు ప్రాణం తీసుకోబోయిన సంగతి రాసి ఉంది. ఆ చీటీ వారంటుతో పాటు ఆఫీసులోని ఫైలులోకి చేరింది, అతడు బ్యారక్‌లోకి చేరాడు. రెండింటి మధ్య దూరం వంద అడుగులు కూడా లేదు. నేను వెళ్లేసరికి అతడు ప్రాణాలతోనే ఉన్నాడు, కానీ అది పక్కన పడుకున్న ఒక వృద్ధ ఖైదీ మేలుకుని ఉండడం వల్ల. తరువాత ఆ డ్యూటీ వార్డరుకు మెమో ఇచ్చారు. ఆ చీటీ ఆయనకు చూపించినవారు ఎవరూ లేరు.

చట్టం పునాదిలోనే ఈ లోపం ఉంది. మన జైళ్లకు నూట ముప్పై ఏళ్లుగా ఆధారంగా ఉన్న 1894 నాటి జైళ్ల చట్టం, కొత్తగా వచ్చిన ఖైదీ విషయంలో వైద్యాధికారి పుస్తకంలో ఏమేమి రాయాలో చెబుతుంది: ఆరోగ్య స్థితి, ఒంటి మీది గాయాలు, గుర్తులు, అతడు ఏ రకం శ్రమకు పనికివస్తాడు. మనసు గురించి విడిగా ఒక్క మాట కూడా అందులో అడగలేదు. ఖైదీలను ఎలా చూసుకోవాలో చెబుతూ 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలలోని 30వ నియమం మాత్రం, చేరిన వెంటనే చేసే పరీక్షలోనే మానసిక ఒత్తిడిని, ఆత్మహత్య ప్రమాదాన్ని గుర్తించాలని స్పష్టంగా చెబుతుంది. మన దగ్గర మాన్యువల్‌లు మారినా, చాలాచోట్ల ఆ పరీక్ష ఇప్పటికీ గాయాల లెక్కగానే జరుగుతోంది.

ప్రశ్న అడిగినంత మాత్రాన కూడా సరిపోదు. 2015 జూలైలో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, ట్రాఫిక్ తనిఖీ దగ్గర మొదలైన గొడవలో అరెస్టయిన సాండ్రా బ్లాండ్ అనే యువతి మూడు రోజుల తరువాత వాలర్ కౌంటీ జైలులో మరణించింది. గతంలో ఒకసారి ప్రాణం తీసుకోబోయిన సంగతి ఆమె చేరిక పత్రాలలో నమోదై ఉంది. అయినా ఆమెను ప్రత్యేకంగా కనిపెట్టి ఉండే ఏర్పాటు జరగలేదు. గంటకొకసారి స్వయంగా వెళ్లి చూడవలసిన నియమాన్ని ఆ జైలు పాటించలేదని, సిబ్బందికి తగిన శిక్షణ లేదని ఆ రాష్ట్ర జైలు ప్రమాణాల సంస్థ తేల్చింది. కాగితం అడిగింది, ఆమె చెప్పింది, చెప్పిన మాట కాగితం మీదే ఉండిపోయింది.

మీరు రాసిన సస్పెన్షన్ విషయానికి వస్తే, దేశంలోని జైలు సిబ్బంది పోస్టులలో దాదాపు ముప్పై శాతం ఖాళీగా ఉన్నాయి. 2016 నాటి నమూనా జైలు మాన్యువల్ ప్రకారం ప్రతి 500 మంది ఖైదీలకు ఒక మానసిక నిపుణుడో కౌన్సెలరో ఉండాలి. ఆ లెక్కన దేశానికి పదకొండు వందల మందికి పైగా కావాలి. 2025 నాటి ఇండియా జస్టిస్ రిపోర్ట్ ప్రకారం దేశంలోని అన్ని జైళ్లలో కలిపి ఉన్న మానసిక నిపుణులు 25 మంది. ఈ రెండు సంఖ్యల మధ్య ఉన్న ఖాళీని ఒక వార్డరు కళ్లు కాయలు కాసేలా చూసి పూడ్చలేడు. ఆయనను సస్పెండ్ చేసి ఊరుకోవడం, ఆ పోస్టులను మంజూరు చేయనివారిని ప్రశ్న నుంచి తప్పించడమే అవుతుంది.

ప్రశ్న: ఘోరమైన నేరాలు చేసి లోపలికి వెళ్లినవారి ప్రాణాల గురించి ఇంత తాపత్రయం ఎందుకు? బాధితుల గురించి రాయండి.
— ఒక పాఠకుడు, నల్లగొండ

సమాధానం: జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2022 చివర దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వారిలో 4,34,302 మంది, అంటే నలుగురిలో ముగ్గురికి పైగా, విచారణ ఖైదీలు. వారు నేరం చేశారని ఏ కోర్టూ ఇంకా తేల్చలేదు. ఆ ఏడాది జైళ్లలో ఆత్మహత్య చేసుకున్నట్లు నమోదైనవారు 119 మంది.

నేరం రుజువైనవారి విషయంలోనూ కోర్టు విధించేది స్వేచ్ఛకు పరిమితి మాత్రమే. ఉరిశిక్ష పడినవారిని మినహాయిస్తే ఎవరి ప్రాణం మీదా రాజ్యానికి అధికారం లేదు. బాధితుల గురించి మీరు అడిగారు కనుక ఇది కూడా చెప్పాలి: నిందితుడు విచారణ ముగియకముందే మరణిస్తే అతడిపై కేసు అక్కడితో ఆగిపోతుంది. కోర్టులో నిజం తేలాలని ఏళ్ల తరబడి ఎదురుచూసిన బాధిత కుటుంబానికి తీర్పు ఎప్పటికీ రాదు.

ప్రశ్న: ప్రమాదంలో ఉన్నట్లు తెలిసిన ఖైదీని విడిగా ఒక సెల్‌లో ఉంచి, సీసీ కెమెరా పెట్టి చూస్తే సరిపోదా?
— పాఠకుడు, తెనాలి

సమాధానం: చాలా జైళ్లలో ఇదే మొదటగా చేసే పని, ఇదే తరచుగా జరిగే పొరపాటు కూడా. ఒంటరితనం రక్షణ కాదు. ఆ స్థితిలో ఉన్న మనిషికి అది ప్రమాదాన్ని పెంచుతుంది. అమెరికా ఫెడరల్ జైళ్లపై ఆ దేశ న్యాయశాఖ తనిఖీ విభాగం 2024 ఫిబ్రవరిలో ఒక నివేదిక ప్రకటించింది. 2014 నుంచి 2021 వరకు ఎనిమిది ఆర్థిక సంవత్సరాలలో తాము పరిశీలించిన 344 మరణాలలో 187 ఆత్మహత్యలని, వారిలో సగానికి పైగా సెల్‌లో ఒంటరిగా ఉన్నవారేనని ఆ నివేదిక చెప్పింది.

కెమెరా చూస్తుంది, పలకరించదు. తెర ముందు కూర్చున్న మనిషి ఒకేసారి ఎన్నో చిత్రాలను గమనించవలసి ఉంటుంది, అతడు కూడా నిద్రకు ఆగలేని మనిషే. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2023 జూన్‌లో రాష్ట్రాలకు పంపిన సూచనలలో గదుల నిర్మాణం, వస్తువుల తనిఖీ వంటి అంశాలతో పాటు, కొందరు ఖైదీలకే శిక్షణ ఇచ్చి తోటివారిలో ప్రమాద లక్షణాలను గుర్తించేలా చేయాలని కూడా ఉంది. నా అనుభవంలో రాత్రిపూట నిజంగా మేలుకుని ఉండేవాడు పక్క పరుపు మీది మనిషే. తెలిసినవారి మధ్య ఉంచడం, రోజూ ఒకే వ్యక్తి వచ్చి మాట్లాడడం, వైద్యుడు రాసిన మందు వేళకు మింగించడం, ఇంటికి ఫోను చేయించడం — వీటికి అదనంగా కెమెరా ఉంటే ఉండవచ్చు.

ప్రశ్న: నేను న్యాయశాస్త్రం చదువుతున్నాను. జైలులో ఆత్మహత్య జరిగితే రాజ్యం బాధ్యత వహిస్తుందా? తన ప్రాణం తాను తీసుకున్నాడు కదా అన్న వాదనకు కోర్టులు ఏమి చెప్పాయి? బతికి బయటపడిన ఖైదీపై కేసు పెడతారా?
— విద్యార్థి, వరంగల్

సమాధానం: మీ మొదటి ప్రశ్నకు పునాది 1993లో నీలబతి బెహెరా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. అదుపులో ఉన్న మనిషి జీవించే హక్కుకు రాజ్యమే జవాబుదారీ అని, ఆ హక్కుకు భంగం కలిగితే రాజ్యాంగపరమైన పరిహారం ఇవ్వాలని ఆ తీర్పు చెప్పింది. అది పోలీసు అదుపులో జరిగిన మరణం. జైళ్లలోని అసహజ మరణాలను నేరుగా పట్టించుకున్నది 2017 సెప్టెంబరు 15 నాటి తీర్పు. మాజీ ప్రధాన న్యాయమూర్తి ఆర్.సి. లహోటీ 2013లో రాసిన ఒక లేఖతో, 1382 జైళ్లలోని అమానవీయ స్థితిగతులపై మొదలైన కేసు అది. జస్టిస్ మదన్ బి. లోకూర్, జస్టిస్ దీపక్ గుప్తా ఆ తీర్పులో 2012 నుంచి 2015 వరకు జైళ్లలో అసహజంగా మరణించినవారి కుటుంబాలను గుర్తించి, ఇంతకుముందే తగిన పరిహారం అంది ఉండకపోతే ఇప్పించేందుకు ప్రతి హైకోర్టూ తనంతట తానుగా కేసు నమోదు చేయాలని కోరారు. ముఖ్యంగా మొదటిసారి జైలుకు వచ్చినవారికి కౌన్సెలర్లను ఏర్పాటు చేయాలని కూడా చెప్పారు. ఆత్మహత్యలు అసహజ మరణాల పద్దులోకే వస్తాయి కనుక "తానే తీసుకున్నాడు" అన్న మాటతో బాధ్యత తీరిపోదు. తలుపు తాళం, తినే తిండి, మందు, మాట్లాడే మనిషి, అన్నీ ఒకే చేతిలో ఉన్నప్పుడు రక్షణ కూడా ఆ చేతి బాధ్యతే.

2018లో సుప్రీంకోర్టు జస్టిస్ అమితవ రాయ్ అధ్యక్షతన ఒక కమిటీని నియమించింది. 2017 నుంచి 2021 వరకు దేశంలోని జైళ్లలో సంభవించిన 817 అసహజ మరణాలలో 660 ఆత్మహత్యలని ఆ కమిటీ తేల్చింది. 101 ఆత్మహత్యలతో ఉత్తరప్రదేశ్ మొదటి స్థానంలో ఉంది. అంటే జైలులో అసహజ మరణం అని మనం అనేది చాలావరకు ఆత్మహత్యే. అయినా మన విచారణ పద్ధతి ఇప్పటికీ హత్యను వెతకడానికి తయారైనదిగానే ఉంది.

ఈ మాటను కొంచెం వివరించాలి. అదుపులో మరణం జరిగితే న్యాయ మేజిస్ట్రేటు విచారణ జరపాలన్న నిబంధన 2006 నుంచి అమలులో ఉంది. ఇప్పుడది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 196వ సెక్షన్‌లో ఉంది. ఆ విచారణలు చాలావరకు "ఎవరైనా కొట్టారా, ఎవరైనా చంపారా" అన్న ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. అది అడగవలసిన ప్రశ్నే, దానిని తేలికగా తీసుకోవడానికి వీలులేదు. కానీ "లేదు" అన్న జవాబు రాగానే నివేదిక ముగిసిపోతుంది. ఈ మనిషి ప్రమాదంలో ఉన్నట్లు ఎవరికి తెలుసు, తెలిసినవారు ఎవరికి చెప్పారు, వైద్యుడు చివరిసారి ఎప్పుడు చూశాడు, ఆ రాత్రి ఎందరు ఉండవలసినచోట ఎందరున్నారు అన్న ప్రశ్నలు మిగిలిపోతాయి. మీరు రేపు వకీలుగా ఇటువంటి కేసు చేపట్టినప్పుడు అడగవలసినవి అవే.

మూడో ప్రశ్న. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ప్రయత్నం చేసిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్లు భావించాలి. అతడికి సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించడం ప్రభుత్వ విధి. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా శిక్షించిన పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. కానీ ప్రభుత్వోద్యోగిని ఒత్తిడి చేయడానికో విధి నిర్వహణను అడ్డుకోవడానికో చేసిన ప్రయత్నాన్ని శిక్షించే 226వ సెక్షన్ కొత్తగా వచ్చింది. జైలులో ఎదుట ఉండేవారంతా ప్రభుత్వోద్యోగులే కనుక, సాయం కోసం చేసిన ఆక్రందనను "బెదిరింపు"గా నమోదు చేసే అవకాశం అక్కడే ఎక్కువ. కేసు పడుతుందన్న భయం ఉన్నచోట ఖైదీ తన ఆలోచనను ఎవరికీ చెప్పడు. ఈ సెక్షన్‌ను జైళ్లకు వర్తింపజేయడంలో చాలా సంయమనం అవసరమని నా అభిప్రాయం.

ప్రశ్న: మా కుటుంబం పన్నెండేళ్లుగా మాంచెస్టర్‌లో ఉంటోంది. మా ఇంటికి దగ్గరలోనే స్టయల్ మహిళా జైలు ఉంది. అక్కడ గతంలో వరుసగా మరణాలు జరిగాయని విన్నాను. ఇక్కడి పద్ధతి నుంచి మన రాష్ట్రాలు నేర్చుకోదగినది ఏమైనా ఉందా?
— పాఠకురాలు, ఇంగ్లండ్

సమాధానం: ఉంది. అయితే అది ఆ దేశం సులువుగా సంపాదించుకున్నది కాదు.

2002 ఆగస్టు నుంచి ఏడాది కాలంలో స్టయల్ జైలులో ఆరుగురు మహిళలు మరణించారు. వారిలో ఒకరు పద్దెనిమిదేళ్ల సారా క్యాంప్‌బెల్. ఆమెకు మానసిక కుంగుబాటు, మాదకద్రవ్యాల అలవాటు ఉన్నాయి. 2003 జనవరిలో శిక్ష పడి జైలుకు చేరిన మరునాడే ఆమె మరణించింది. జైలు తన సంరక్షణ బాధ్యతలో విఫలమైందని విచారణలోని జ్యూరీ తేల్చింది. తరువాత ప్రభుత్వం కూడా బాధ్యతను అంగీకరించింది. ఆమె తల్లి పాలీన్ క్యాంప్‌బెల్ అంతటితో ఇంటికి వెళ్లిపోలేదు. దేశంలో ఏ జైలులో ఒక మహిళ మరణించినా ఆ గేటు ముందుకు వెళ్లి నిలబడేవారు, పలుమార్లు అరెస్టయ్యారు. ఆ మరణాల నేపథ్యంలోనే ప్రభుత్వం బారనెస్ కార్‌స్టన్‌తో సమీక్ష చేయించింది. 2007 మార్చిలో వెలువడిన ఆ నివేదికలో 43 సిఫార్సులు ఉన్నాయి. చిన్న నేరాలకు స్త్రీలను పెద్ద జైళ్లకు పంపవద్దని, అవసరమైనవారిని ఇంటికి దగ్గరలో చిన్న కేంద్రాలలో ఉంచాలని చెప్పిన ఆ సిఫార్సులలో చాలా వాటికి పూర్తి ఆచరణ రాలేదు. 2016లో ఇంగ్లండ్, వేల్స్ జైళ్లలో ఆత్మహత్యలు అప్పటివరకు నమోదైన అత్యధిక స్థాయికి చేరాయి. కాబట్టి అక్కడ అంతా బాగుందని చెప్పడం నా ఉద్దేశం కాదు.

నేర్చుకోదగినవి రెండున్నాయి. మొదటిది, మరణంపై విచారణ జరిపే కరోనర్‌కు ఇకముందు మరణాలు జరగకుండా చర్య అవసరమని అనిపిస్తే, సంబంధిత సంస్థకు నివేదిక పంపడం ఆయన విధి. ఆ సంస్థ 56 రోజులలో జవాబు రాయాలి. ఆ నివేదికలను బహిరంగంగా ప్రచురిస్తారు. ఒక జైలులో జరిగిన తప్పు ఏమిటో మరో జైలు అధికారి, మరో తల్లి చదువుకోగలరు. మన మేజిస్ట్రేటు విచారణ నివేదిక ఫైలులో ఉంటుంది. చాలాసార్లు సొంత కుటుంబానికే దాని ప్రతి దొరకదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు పేర్లు తొలగించి ఈ నివేదికలను ప్రచురించాలని నిర్ణయించుకుంటే దానికి పెద్ద ఖర్చు అవసరం లేదు.

రెండోది, 1991లో వేల్స్‌లోని స్వాన్సీ జైలులో, కుంగిపోయినవారి మాట వినే సమారిటన్స్ అనే స్వచ్ఛంద సంస్థ మొదలుపెట్టిన "లిజనర్స్" పథకం. ఎంపిక చేసిన ఖైదీలకు వినడంలో శిక్షణ ఇచ్చి, ఏ వేళలోనైనా తోటి ఖైదీ పిలిస్తే వెళ్లి కూర్చునేలా ఏర్పాటు చేశారు. అప్పటి నుంచి అది అనేక జైళ్లకు వ్యాపించింది. సలహా ఇవ్వడం వారి పని కాదు, వినడమే వారి పని. మన జీవిత ఖైదీలలో ఓర్పు, లోకజ్ఞానం ఉన్న పెద్దవాళ్లు ఎందరో ఉన్నారు. ఇప్పటికీ కొత్తగా వచ్చిన కుర్రవాళ్లకు ధైర్యం చెబుతున్నది వాళ్లే. దానికి శిక్షణ, గుర్తింపు, రాత్రివేళ బ్యారక్ తలుపు తీయించుకునే వీలు తోడైతే చాలు.

ప్రశ్న: ఎనిమిది నెలల కిందట నా కొడుకు జైలులో చనిపోయాడు. ఆత్మహత్య అని చెప్పి శవాన్ని ఇచ్చారు. ఒక్క కాగితం కూడా ఇవ్వలేదు. డబ్బు కోసం కాదు, వాడు చివరి రోజుల్లో ఎలా ఉన్నాడో, ఎవరితోనైనా ఏమైనా చెప్పాడో తెలుసుకోవాలని ఉంది. ఇప్పుడు అడగవచ్చా?
— ఒక తల్లి, ఉత్తరాంధ్ర

సమాధానం: అడగవచ్చునమ్మా. అడగడం మీ హక్కు.

జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేయడానికి ఘటన జరిగిన నాటి నుంచి ఒక సంవత్సరం గడువు ఉంది. మీకు ఇంకా నాలుగు నెలలున్నాయి కానీ ఆలస్యం చేయకండి. జైలు మరణాన్ని ఇరవై నాలుగు గంటలలోగా కమిషన్‌కు తెలియజేయడం అధికారుల విధి కనుక, మీ అబ్బాయి పేరుతో అక్కడ ఇప్పటికే ఒక కేసు నంబరు ఉండాలి. దాని మీదే మీ ఫిర్యాదును చేర్చమని రాయండి.

మేజిస్ట్రేటు విచారణ జరిగిందా, జరుగుతోందా అన్నది జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా కనుక్కోండి. సాధ్యమైనంతవరకు బంధువులకు కబురు చేసి, విచారణ జరిగేటప్పుడు అక్కడ ఉండనివ్వాలని చట్టమే చెబుతోంది. మీకు కబురు రాలేదు కనుక ఆ సంగతినే అర్జీలో మొదట రాయండి. విచారణ ఇంకా ముగియకపోతే మీ వాంగ్మూలం తీసుకోమని కోరండి.

సమాచార హక్కు చట్టం కింద జైలుకు ఒక దరఖాస్తు పెట్టండి. పంచనామా, శవపరీక్ష నివేదికల ప్రతులతో పాటు ఇవి కూడా అడగండి: మీ అబ్బాయి చేరిన రోజు వైద్యాధికారి పుస్తకంలో రాసినది, ఆ తరువాత వైద్యుడు చూసిన తేదీలు, ఇచ్చిన మందులు, అతడు ఏయే తేదీలలో ఏ బ్యారక్‌లో ఉన్నాడు, ఎవరితో పాటు ఉన్నాడు, ములాఖత్ రిజిస్టరులోనూ ఫోను రిజిస్టరులోనూ అతడి పేరు ఉన్న పేజీలు, ఆ రాత్రి డ్యూటీ పట్టిక. ముప్పై రోజులలో జవాబు రాకపోయినా, నిరాకరించినా మొదటి అప్పీలుకు వెళ్లవచ్చు.

చివరి రోజుల్లో ఎవరితో మాట్లాడాడు అన్నది కాగితాల్లో అంతగా దొరకదు. అదే బ్యారక్‌లో ఉండి తరువాత విడుదలైనవారు చెప్పగలరు. బ్యారక్ వివరం చేతికి వచ్చాక పత్రిక కార్యాలయానికి ఫోను చేయండి. అటువంటివారిని వెతికి, వాళ్లు ఇష్టపడితే మీతో మాట్లాడించడానికి న్యాయ సేవాధికార సంస్థ వాలంటీర్ల సాయం నేను అడుగుతాను. దరఖాస్తు రాయడానికి కూడా మీరు ఒంటరిగా కూర్చోనవసరం లేదు. వివరాలు చెబితే మేము రాసి పంపుతాము, మీరు సంతకం పెడితే చాలు.